పెడల్ స్టీల్ గిటార్: కొత్త తీగలు వేశాక ట్యూనర్ సరే అంటోంది, చెవి ఒప్పుకోవట్లేదు

పెరంబూర్_పెడల్

అందరికీ నమస్కారం. చెన్నైలో ఉంటాను, చర్చిలో కొన్నేళ్లుగా మామూలు ఎలక్ట్రిక్ గిటార్ వాయిస్తున్నాను. మా బావగారు అమెరికా నుంచి వచ్చేస్తూ అక్కడ సెకండ్‌హ్యాండ్‌లో కొన్న పెడల్ స్టీల్ ఒకటి నాకు ఇచ్చేశారు. కాళ్ల మీద బల్లలా నిలబడే గిటార్ ఇది, ఫ్రెట్లు నొక్కకుండా తీగల మీద ఉక్కు బార్ జరుపుతూ వాయిస్తారు, పెడల్స్, మోకాలి లీవర్లు తీగల శ్రుతిని మారుస్తాయి. సింగిల్ నెక్, 10 తీగలు, ఇ9 ట్యూనింగ్, 3 పెడల్స్, 4 మోకాలి లీవర్లు. తీగలు ఎప్పుడు వేసినవో ఆయనకీ తెలియదు, చుట్టు తీగలైతే నల్లబడిపోయి ఉన్నాయి. మొన్న బి పెడల్ తొక్కగానే 3వ తీగ టప్పున తెగింది, సరిగ్గా చేంజర్ (పెడల్ తొక్కితే రాడ్డుల ద్వారా కదిలి తీగని లాగే కుడి చివరి భాగం) వంపు మీద. ఎలాగూ అన్నీ పాతవే కదా అని పూర్తి సెట్టు బయట నుంచి తెప్పించి వేశాను.

ఇప్పుడు అసలు సమస్య. ట్యూనర్ పెట్టి పది తీగలూ ముల్లు నడిమధ్యకి వచ్చేలా బిగించాను. విడివిడిగా మీటితే ఏ తీగకీ వంక పెట్టలేం. కానీ 4, 5, 6 తీగలు కలిపి మీటితే ఇ మేజర్ కోడ్ లోపల ఏదో గరగరమంటూ కొట్టుకుంటోంది. ఎ, బి పెడల్స్ రెండూ కలిపి తొక్కితే వచ్చే ఎ మేజర్ ఇంకా ఘోరం, ఓవర్‌డ్రైవ్ ఏమీ లేకుండా క్లీన్ టోన్‌లో కూడా వినలేకపోతున్నాను. ఇంకోటి, ఎ పెడల్ తొక్కి వదిలాక 5వ తీగ మళ్లీ తన బి దగ్గరికి రావట్లేదు, కాస్త పైనే ఆగిపోతోంది.

3వ తీగకి ఈసారి కొంచెం లావుది వేస్తే తెగకుండా ఉంటుందా? అది తెగిన ప్రతిసారీ విదేశం నుంచి సెట్టు వచ్చేదాకా కూర్చోవాలంటే కష్టం, మన ఊళ్లో దొరికే తీగలతో ఏమైనా చేయొచ్చా? తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

టీనగర్_స్లైడ్

బ్రదర్, చెన్నైలో ఇంకో పెడల్ స్టీల్ ఉందని తెలిసి భలే సంతోషంగా ఉంది. ముందు తీగ తెగడం సంగతి చూద్దాం, శ్రుతి సంగతి నాకంటే బాగా చెప్పగలిగేవాళ్లు ఇక్కడ ఉన్నారు.

3వ తీగ తెగడం మామూలే, ఈ వాయిద్యంలో అన్నిటికంటే ముందు తెగేది అదే. అది జి షార్ప్, అంటే 415 హెర్ట్జ్, బి పెడల్ తొక్కితే ఎ, అంటే 440. 24 అంగుళాల స్కేల్ (తీగ మోగే పొడవు) మీద .011 (అంగుళాల మందం) తీగ అయితే మామూలుగా 12న్నర కిలోల బిగువులో ఉండేది తొక్కగానే 14 కిలోలకి వెళ్తుంది. ఆ పొడవులో ఉక్కు తీగ తెగే హద్దుకి అది చాలా దగ్గర, పైగా ప్రతి తొక్కుడుకీ చేంజర్ వేలి (ఒక్కో తీగ ఆనే లోహపు ముక్క) మీద అదే చోట వంగుతూ లేస్తూ ఉంటుంది. లావు తీగ వేస్తే ఆగుతుందేమో అని అందరికీ అనిపిస్తుంది కానీ లావు పెరిగితే అదే స్వరానికి లాగాల్సిన బలం కూడా అంతే పెరుగుతుంది, ఉక్కు మీద పడే ఒత్తిడి ఏమీ తగ్గదు, ఆ వంపు మీద వంగడం మాత్రం ఇంకా కష్టమవుతుంది. కాబట్టి .011 దగ్గరే ఉండు. తెగకముందే దాన్నొక్కదాన్నీ తరచూ మార్చేయడమే మందు.

కొత్త తీగ వేసేముందు ఒక పని తప్పకుండా చెయ్యి. పాత తీగ తీసేసి, చేంజర్ వేలి పైభాగం మీద గోరు పెట్టి నెమ్మదిగా అటూ ఇటూ జరిపి చూడు. తీగ ఆనే చోట సన్నటి గాడి పడి ఉంటే గోరుకి తగులుతుంది. ఆ గాడి అంచు తీగని కోస్తూ ఉంటుంది, అలా ఉంటే ఎంత మంచి తీగ వేసినా నిలవదు.

తీగల వరసలో పొరపడకు. మామూలు గిటార్ అలవాటులో 1వ తీగే అన్నిటికంటే సన్నం అనుకుంటాం, ఇక్కడ అలా కాదు. 1 ఎఫ్ షార్ప్ .013, 2 డి షార్ప్ .015, 3 జి షార్ప్ .011, 4 ఇ .014, 5 బి .017, 6 జి షార్ప్ .020 ప్లెయిన్ (చుట్టు లేనిది), 7 ఎఫ్ షార్ప్ .026, 8 ఇ .030, 9 డి .034, 10 బి .036. 7 నుంచి 10 దాకా చుట్టు తీగలు. కంపెనీని బట్టి ఒకటి రెండు పాయింట్లు అటూ ఇటూ ఉంటాయి. పైన ఉన్న ఆ ఎఫ్ షార్ప్, డి షార్ప్ రెండూ 1962లో బడ్డీ ఎమన్స్ అనే పేరున్న అమెరికన్ పెడల్ స్టీల్ వాద్యకారుడు చేర్చినవి, అందుకే వరస అలా ఎగుడుదిగుడుగా ఉంటుంది. 1వ స్థానంలో .011 పెట్టి 3లో .013 పెట్టావంటే పైన చెప్పిన లావు తీగ ఇబ్బందే వస్తుంది.

ఊళ్లో దొరికేవాటి సంగతికి వస్తే, మామూలు ఎలక్ట్రిక్ గిటార్ తీగలే ఇక్కడ పనికొస్తాయి, బాల్ ఎండ్ (తీగ చివరి గుండు) చేంజర్ పిన్నుకి చక్కగా పడుతుంది, పొడవూ సరిపోతుంది. .010-.046 సెట్టు కొంటే అందులో .013, .017, .026, .036 ఉంటాయి, అంటే నీ 1, 5, 7, 10 అయిపోయాయి. .011-.049 సెట్టులో .011, .014 ఉంటాయి, అవి నీ 3, 4. లావు బేస్ తీగలతో వచ్చే .010-.052 సెట్టులో .030 దొరుకుతుంది, అది 8. .012-.054 హెవీ సెట్టులో 3వ తీగ .020 ప్లెయినే. మిగిలేవి .015, .034 మాత్రమే, అవీ ఎక్కువగా తెగేవి కావు కాబట్టి ఒక్కసారి తెప్పించి పెట్టుకుంటే చాలాకాలం వస్తాయి. అన్నా సాలై వైపు వెళ్లినప్పుడు షాపులో .011 విడి తీగలు అడిగి నాలుగైదు ఎక్కువే కొని పెట్టుకో. అకూస్టిక్ గిటార్‌కి వేసే కంచు చుట్టు తీగలు మాత్రం వద్దు, మాగ్నెటిక్ పికప్ వాటిని సరిగ్గా పట్టుకోదు, ఆ తీగల ధ్వని వెనక్కి వెళ్లిపోతుంది.

గిండీ_టర్నర్

5వ తీగ తిరిగి రాకపోవడం గురించి నాకు తెలిసింది చెప్తాను. నాకు వాయించడం రాదు, చర్చి వాళ్ల వాయిద్యాలు రిపేర్ చేస్తుంటాను.

గిటార్ కుడి చివర ప్లేటు రంధ్రాల్లో చిన్న చిన్న నైలాన్ నట్లు కనిపిస్తాయి కదా, పెడల్ తొక్కినప్పుడు వచ్చే స్వరాన్ని అక్కడ సెట్ చేస్తారు, తొక్కనప్పటి స్వరాన్ని ఎడమ చేతి వైపు కీలతో. నైలాన్ నట్టు మరీ బిగిస్తే రాడ్డులో వదులు అనేదే ఉండదు, పెడల్ వదిలినా చేంజర్ వేలు తన స్టాపు దాకా వెనక్కి వెళ్లలేదు. మీ 5వ తీగకి జరుగుతున్నది అదే అయ్యుండాలి. పరీక్ష సులువు. పెడల్ ముట్టుకోకుండా ఆ నట్టుని కొంచెం వదులు చేయండి, ఓపెన్ స్వరం కిందికి దిగిందంటే నట్టే దాన్ని పట్టుకుని ఉందని అర్థం. స్వరం దిగడం ఆగేదాకా వదులు చేసి, అప్పుడు కీ దగ్గర బి సెట్ చేసి, ఆ తర్వాత పెడల్ తొక్కి సి షార్ప్ వచ్చేదాకా మళ్లీ బిగించుకుంటూ రండి. 5వ తీగని ఎ పెడలే కాదు, సి పెడల్ కూడా లాగుతుంది, రెండిటికీ వేరువేరు నట్లు. ఒకటి వదులు చేసి ఏమీ మారలేదని వదిలేయకండి, రెండోది కూడా చూడండి.

నట్టు వదిలాక పెడల్ పూర్తిగా తొక్కినా సి షార్ప్ దాకా వెళ్లకపోతే పెడల్ నడక చాలట్లేదని అర్థం, అప్పుడు గిటార్ కింద ఉన్న పెడల్ స్టాపు సర్దాలి.

నట్టు తిప్పే రెంచి అమెరికన్ గిటార్లకి ఎక్కువగా 3/16 అంగుళాలది ఉంటుంది, అంటే 4.76 మిల్లీమీటర్లు. చేతిలో ఉంది కదా అని 5 మిల్లీమీటర్లది పెట్టి తిప్పితే జారి నైలాన్ మూలలు గుండ్రంగా అరిగిపోతాయి.

చేంజర్‌కి నూనె వేయాలంటే కుట్టు మిషను నూనె, వేలి పక్కన ఒక్కో బొట్టు, అంతే. తుప్పు వదిలించే స్ప్రేలు కొట్టకండి, అవి ఆరిపోయాక దుమ్ము పట్టుకుని జిగురవుతుంది. రోలర్ నట్టు, అంటే కీల వైపు తీగలు ఆనే చోట ఉండే చిన్న చక్రాలు, వేలితో తిప్పితే తేలిగ్గా తిరగాలి, తిరగకపోతే పెడల్ వదిలాక తీగ అక్కడ ఇరుక్కుని కూడా శ్రుతి తిరిగి రాదు. గాడి పడిన వేళ్లని సన్న ఎమెరీ కాగితంతో, తర్వాత మెటల్ పాలిష్‌తో నున్న చేయొచ్చు కానీ వంపు ఆకారం పోకూడదు, మీకు అలవాటు లేకపోతే లేత్ పని తెలిసినవాళ్ల చేత చేయించండి.

తంబురా_చెవి

పెరంబూర్ గారూ, మీ చెవి సరిగ్గానే చెప్తోంది. దాన్నే నమ్మండి. నేను వీణ నేర్చుకున్నదాన్ని, మా వారు లాప్ స్టీల్ వాయిస్తారు, కాబట్టి ఇంట్లో ఈ గొడవ రోజూ ఉండేదే.

ట్యూనర్ ఆక్టేవ్‌ని సమానంగా 12 భాగాలు చేసి చూపిస్తుంది. అందులో పంచమం దాదాపు సరిగ్గా వస్తుంది, 2 సెంట్లే తేడా (ఆ 12 భాగాల్లో ఒకదాన్ని నూరు చేస్తే అందులో ఒక వంతు సెంటు). గాంధారం మాత్రం 14 సెంట్లు ఎక్కువ. ఇ ని షడ్జం అనుకుంటే మీ జి షార్ప్ అంతర గాంధారం, బి పంచమం, ఎఫ్ షార్ప్ చతుశ్రుతి రిషభం, డి కైశికి నిషాదం, డి షార్ప్ కాకలి నిషాదం. తంబురా మీటుతూ కూర్చుంటే మంద్ర షడ్జం తీగలోంచి ఎవరూ మీటని గాంధారం ఒకటి దానంతట అదే వినిపిస్తుంది, స్వయంభువు అంటాం కదా, అది ఆ తీగ అయిదో హార్మోనిక్. షడ్జానికి సరిగ్గా 5/4. 4వ తీగ ఇ 329.6 హెర్ట్జ్ అయితే దానికి సరైన గాంధారం 412. మీ ట్యూనర్ ఒప్పుకునేది 415.3. పియానోలో, ఫ్రెట్లున్న గిటార్‌లో ఆ తేడా అలవాటుగా పోతుంది, ఎందుకంటే స్వరం మోగి త్వరగా తగ్గిపోతుంది. పెడల్ స్టీల్‌లో మీరు కోడ్ పట్టుకుని వాల్యూమ్ పెడల్‌తో అలా సాగదీస్తూనే ఉంటారు, అందుకే ఆ కొట్టుకోవడం దాచినా దాగదు.

ఎలా చేయాలో చెప్తాను, ట్యూనర్ పక్కన పెట్టేయండి. 8వ తీగ ఇ ని మాత్రం ట్యూనర్‌తో సెట్ చేసి దాన్ని ఆధారం చేసుకోండి. 4వ తీగ దానికి ఆక్టేవ్, కదలకుండా నిలబడేలా కలపండి. తర్వాత 8వ తీగని 4వ ఫ్రెట్టు గీత మీద తేలిగ్గా తాకి మీటితే సన్నటి హార్మోనిక్ వస్తుంది, అదే స్వయంభూ గాంధారం. 6వ తీగని 5వ ఫ్రెట్టు మీద తాకి మీటితే దాని హార్మోనిక్ కూడా అదే ఎత్తులో వస్తుంది. రెండూ కలిపి మోగించి వినండి. ట్యూనర్ లెక్కన బిగించిన తీగల్లో అవి సెకనుకి ఆరుసార్లకి పైగా కొట్టుకుంటాయి, ఉం-ఉం-ఉం అని స్పష్టంగా వినిపిస్తుంది. 6వ తీగ కీని వెంట్రుకవాసి వదులుతూ రండి, ఆ కొట్టుకోవడం నెమ్మదిస్తూ నెమ్మదిస్తూ ఒక చోట ఆగిపోతుంది. అక్కడ ఆపండి. ఇప్పుడు 4, 5, 6 మీటి చూడండి.

3వ తీగని 6తో ఆక్టేవ్‌కి కలపండి. 5, 10 తీగల బి ఇ కి పంచమం, అది కూడా చెవితోనే. ఓపెన్‌వి అన్నీ అయ్యాకే పెడల్స్ జోలికి వెళ్లండి, ఎందుకంటే ఓపెన్ స్వరం మారితే పెడల్ స్వరం కూడా దాంతోపాటే జరుగుతుంది. బి పెడల్ తొక్కితే వచ్చే ఎ ఇ కి శుద్ధ మధ్యమం, దాన్ని ఇ తోనే కలపండి. తర్వాత ఎ, బి రెండూ తొక్కి ఉంచి సి షార్ప్‌ని ఎ కి గాంధారంగా నైలాన్ నట్టుతో కలపండి. అప్పుడు ట్యూనర్ పెట్టి చూస్తే ఇ తో పోలిస్తే సి షార్ప్ 16 సెంట్లు తక్కువ చూపిస్తుంది, కంగారు పడకండి, అదే సరైన చోటు.

ఆర్గన్_బెంచ్

తంబురా చెవి గారు చెప్పినదాంట్లో తప్పేం లేదు, కానీ బ్రదర్ వాయించేది చర్చిలో, పక్కన కీబోర్డు ఉంటుంది. నేను కూర్చునేది ఆ కీబోర్డు దగ్గరే కాబట్టి చెప్తున్నాను. నేను ఇ మేజర్ పట్టుకుని ఉన్నప్పుడు నా జి షార్ప్ 415.3 దగ్గరే ఉంటుంది, మీది 412 దగ్గర ఉంటే రెండు గాంధారాలూ కొట్టుకుంటాయి. ఇంట్లో ఒక్కరే వాయించుకుంటే ఎంత తియ్యగా ఉన్న శ్రుతి అయినా ఆదివారం పొద్దున మైకులో అలా ఉండదు. బార్‌తో వాయిస్తాం కదా సర్దుకోవచ్చు అనుకుంటారేమో, నేరుగా పట్టుకున్న బార్ మొత్తం కోడ్‌ని పైకో కిందికో జరపగలదు కానీ తీగకీ తీగకీ మధ్య దూరాన్ని మార్చలేదు.

బడ్డీ ఎమన్స్ అంతటివాడే తర్వాతి కాలంలో ట్యూనర్ చూపించే సమాన శ్రుతికే వచ్చేశాడు. అంత దూరం వెళ్లమని నేననను. గాంధారాల్ని 14 కాకుండా ఒక 6 నుంచి 8 సెంట్లు దించి చూడండి. ఇంకో పద్ధతి కూడా చాలామంది వాడతారు, ఇ తీగల్నే ట్యూనర్ కంటే కొన్ని సెంట్లు పైన పెట్టుకుంటే గాంధారాలు మరీ కిందికి పడిపోవు, తేడా రెండు వైపులా పంచుకున్నట్టు అవుతుంది.

తంబురా_చెవి

@ఆర్గన్_బెంచ్ కీబోర్డుతో కలిసి వాయించేటప్పుడు సగం దించడం సబబే, ఒప్పుకుంటాను. అయినా ముందు శుద్ధంగా ఎక్కడ నిలుస్తుందో చెవికి తెలియాలి, అక్కడి నుంచి ఎంత పైకి తేవాలో అప్పుడు తేల్చుకోవచ్చు. మొదటి నుంచీ ముల్లు చూసి 7 సెంట్లు దించేవాళ్లకి తాము ఏం వదులుకుంటున్నారో తెలియదు.

పెరంబూర్_పెడల్

అందరికీ చాలా థ్యాంక్స్. గిండీ అన్న చెప్పినట్టే అయింది, ఎ పెడల్ నట్టు కాదు, సి పెడల్‌ది బిగిసిపోయి ఉంది, వదులు చేయగానే బి సరిగ్గా దిగింది. తంబురా అక్కా, ఆ హార్మోనిక్ పద్ధతి పెట్టి చేశాను, ఆ కొట్టుకోవడం ఆగిపోయిన క్షణం మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి ఏం మార్చావు అని అడిగింది. ఆర్గన్ బెంచ్ బ్రదర్, మా కీబోర్డు తమ్ముడితో కూర్చుని మీరు చెప్పిన 7 సెంట్లు కూడా చూస్తాం.

రెండు సందేహాలు మిగిలాయి. ఎ, బి రెండూ తొక్కినప్పుడు నేను ముట్టని 4వ తీగ ఇ కూడా ట్యూనర్‌లో 3, 4 సెంట్లు కిందికి పోతోంది, ఇదేమైనా లోపమా? ఇంకోటి, 7వ తీగ ఎఫ్ షార్ప్ ఎక్కడ పెట్టినా ఒక కోడ్‌లో బాగుంటే ఇంకోదాంట్లో బాగోవట్లేదు.

టీనగర్_స్లైడ్

మొదటిది లోపం కాదు, దాన్ని క్యాబినెట్ డ్రాప్ అంటారు. రెండు పెడల్స్ తొక్కితే నాలుగు తీగల బిగువు ఒక్కసారిగా పెరిగి బాడీ వెంట్రుకవాసి వంగుతుంది, దాంతో మిగతా తీగలు సడలుతాయి. 3, 4 సెంట్లంటే బాగున్నట్టే, 10 దాటితే బాడీ స్క్రూలు, చేంజర్ బిగింపు చూడాలి. ఇ తీగల్ని కాస్త పైన పెట్టుకోమనడానికి ఇదీ ఒక కారణమే. అందుకే తీగలు మార్చేటప్పుడు కూడా అన్నీ ఒకేసారి పీకేయకుండా ఒక్కొక్కటి తీసి వేసుకుంటూ వస్తే బాడీ మీద బిగువు పెద్దగా మారదు, శ్రుతి త్వరగా కుదురుకుంటుంది. వేసేటప్పుడు బాల్ ఎండ్ పిన్ను మీంచి జారకుండా ఒక వేలితో తీగని లాగి పట్టుకుని రెండో చేత్తో కీ తిప్పు, పోస్టు మీద రెండు మూడు చుట్లు, ఒకదాని కింద ఒకటి పడేలా. తర్వాత తీగని మధ్యలో పట్టుకుని నెమ్మదిగా పైకి లాగి, మళ్లీ శ్రుతి చేసి, అది దిగడం ఆగేదాకా అలాగే చెయ్యి. మన చెన్నై ఉప్పు గాలికి వాయించడం అయిపోగానే పొడిగుడ్డతో తుడవకపోతే ప్లెయిన్ తీగలు త్వరలోనే గరుకెక్కిపోతాయి, బార్ జరుపుతుంటే బరబరమనడం మొదలవుతుంది.

7వ తీగ సంగతి ఎవరికైనా అంతే. అది 5వ తీగ బి కి పంచమం కావాలంటే ఇ తో చూస్తే ట్యూనర్ కంటే 4 సెంట్లు పైన ఉండాలి. ఎ పెడల్ తొక్కినప్పటి సి షార్ప్‌తో కలవాలంటేనేమో 18 సెంట్లు కింద ఉండాలి. ఒకే తీగ రెండు చోట్లా ఉండలేదు. కొన్ని గిటార్లలో ఎ పెడల్‌కి ఇంకో రాడ్డు తగిలించి, అది తొక్కినప్పుడు 7వ తీగ కొంచెం సడలేలా చేస్తారు, కాంపెన్సేటర్ అంటారు. నీ చేంజర్‌లో ఖాళీ చోటు ఉంటే గిండీ అన్న చేత పెట్టించుకోవచ్చు. లేకపోతే నువ్వు ఎక్కువగా ఏ కోడ్ వాడతావో దాని వైపు మొగ్గి, మధ్యలో ఎక్కడో 7 సెంట్లు కింద పెట్టి వాయించు. ఎఫ్ లీవర్‌ని (4, 8 తీగల ఇ ని ఎఫ్‌కి ఎత్తే మోకాలి లీవర్) కూడా ఎ పెడల్ తొక్కి ఉంచే సెట్ చేసుకో, అక్కడ 4, 8 తీగల ఎఫ్ ఇ తో చూస్తే ట్యూనర్ కంటే 30 సెంట్ల దాకా కిందికి రావాలి, ఆ అంకె చూసి భయపడకు, సి షార్ప్ మేజర్ మీటి విను చాలు.

గిండీ_టర్నర్

కాంపెన్సేటర్ రాడ్డు పెట్టడం కుదురుతుందో లేదో చూడాలంటే గిటార్ బోర్లా తిప్పి కింద భాగం, కుడి చివర ప్లేటు, రెండూ వెలుతురులో ఫోటో తీసి ఇక్కడ పెట్టండి. 7వ తీగ చేంజర్ వేలికి లోయర్ రంధ్రం (శ్రుతి దించే రాడ్డు పట్టేది) ఖాళీగా ఉందా అన్నది ముందు చూడాలి. ఉంటే రాడ్డు, బెల్‌క్రాంక్ (రాడ్డుని లాగే చిన్న మీట) కొలతలు తీసుకుని చేసిపెడతాను.